మూడో ఇంటి దొడ్డిగుమ్మం

పోయిన వారం మహాలక్ష్మమ్మను గడ్డిమేటు పక్కన, చేతిలో చెంబుతో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ధవళేశ్వరం కాలవగట్టు మీద ఆవిడకు ఐదు తాటాకిళ్ళ వరస ఉందనీ, అందులో మూడో ఇంటికి మాత్రం వెనక గుమ్మం లేదనీ మీకు తెలుసు. ఒకప్పుడు ఉండేది. రెండేళ్ళ కిందట భోగినాడు ఆ ఇల్లు అంటుకుని, లోపల పడవవాడి పెళ్ళాం వీరవేణి కాలిపోయాక, ఆ గుమ్మాన్ని ఆవిడే మట్టిగోడతో మూయించేసింది. అలా మూసిన గోడని, రేపు భోగి అనగా, పొద్దు వాలుతున్న వేళ లోపలినుంచి ఎవరో తట్టారు. మూడుసార్లు తట్టి, ఆగి, మళ్ళీ మూడుసార్లు తట్టారు.

ఆ చప్పుడు ఆవిడకు కొత్త కాదు. రెండేళ్ళుగా చలిగాలి మొదలైందంటే చాలు, దొడ్లోకి వచ్చినప్పుడల్లా వింటూనే ఉంది. కాకపోతే ఇన్నాళ్ళూ అది ఆవిడ ఒక్కదానికే వినిపించేది. ఇవాళ కట్టుగొయ్యకున్న ఆవు కూడా నెమరు ఆపి, చెవులు నిక్కించి గోడవైపు తిరిగింది. ఆవుకు కూడా వినిపించాక ఇక తన చెవుల్ని అనుకోవడానికేం లేదు.

ఈవిడ నిప్పు భయం కాలవగట్టు జనానికి పెద్ద వినోదం. ఈవిడ ఇంట్లో అద్దెకు దిగాలంటే నీ పేరేంటి, నీ ఊరేంటి అని తర్వాత అడుగుతుంది. పొయ్యి ఎక్కడ పెడతావన్నది మొదటి ప్రశ్న. పొయ్యికీ తడికకీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉండాలి. గుమ్మం పక్కన నీళ్ళకుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి. బూడిద తడపకుండా పారబోసిన వాళ్ళ సామాను ఆ పూటే వీధిలో ఉంటుంది. ఇక ధనుర్మాసం వచ్చిందా, రోజుకు రెండుసార్లు ఐదిళ్ళూ తిరిగి, ఆరిన పొయ్యిలో వేళ్ళు పెట్టి చూసి మరీ వస్తుంది. భోగిమంట వీధిలో కూడదంది. కాలవ అవతల ఇసకలో వేసుకోమంది. కుర్రకారు గొణుక్కున్నారు గానీ పెద్దవాళ్ళు మాత్రం, "పోన్లే, ఆవేళ జరిగింది కళ్ళారా చూసిన మనిషి, ఎంత మంచి మనసో" అని చేతులెత్తి మొక్కారు. మనసు సంగతి ఇంకాసేపట్లో మీరే చూద్దురుగాని.

ఆవేళ జరిగింది ఊరంతటికీ చెప్పింది కూడా మహాలక్ష్మమ్మే. వీరవేణి మొగుడు బుల్లియ్య పండగ పూట పడవ మీదికి పోతానన్నాడు. మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకున్నారు. అతను విసురుగా వెళ్ళిపోయాడు. వీధిలో వేసిన భోగిమంట నుంచి రవ్వ ఎగిరి చూరు మీద పడింది. ముందు చూరు విరిగి వీధిగుమ్మానికి అడ్డంగా పడిపోయింది. "దొడ్డిగుమ్మం ఉందిగా, దాన్నించి రావచ్చుగా? లోపల గడియ వేసుకుంది. నేనెంత లాగినా రాలేదు" అని మహాలక్ష్మమ్మ కళ్ళనీళ్ళతో చెప్పింది. మొగుడి మీద కోపంతో కావాలనే వేసుకుందని ఊరు అర్థం చేసుకుంది. బుల్లియ్యా అలాగే అర్థం చేసుకున్నాడు. పడవ అమ్మేసి పట్టిసీమ వెళ్ళిపోయాడు. అక్కడ చేపలు పట్టుకుంటూ, వానొచ్చినా ఇంటికప్పు కిందికి పోకుండా ఏటి ఇసకలోనే పడుకుంటాడట. పోయినేడు భోగికి ముందురోజు వచ్చి, ఈ దొడ్లోనే నిలబడి, ఒకే ఒక్క మాట అడిగాడు. "ఎంత లాగినా రాలేదాండి అమ్మగారూ?"

"రాలేదు బుల్లియ్యా" అంది ఆవిడ. అతను తలూపి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ చప్పుడు ఆగిపోయింది. ఇంటి పక్క సందులోంచి అడుగుల చప్పుడు వినిపించింది. మహాలక్ష్మమ్మ చేతిలో చెంబు జారి, నీళ్ళు పాదాల మీద ఒలికిపోయాయి. సందు మలుపులో రత్తమ్మ కనిపించింది. మూడో ఇంట్లో రెండు నెలలుగా అద్దెకుంటున్న బెస్త ముసలిది. చేతిలో పచ్చడిబండ ఉంది.

"హడలిపోయేరాండి అమ్మగారూ? నేనేనండి తట్టింది. గుమ్మం ఎక్కడుండేదో చూద్దామని లోపల్నించి కొట్టి చూసేను. గోడంతా గట్టిగా ఉంది గానీ ఇక్కడ గుల్ల పలుకుతోందండి."

మహాలక్ష్మమ్మకు కోపం వచ్చింది. భయం తీరగానే వచ్చే కోపానికి అడ్డూ ఆపూ ఉండదు. "నీకేం పొయ్యేకాలం! బాలింత ఉన్న ఇంట్లో గోడలు బాదుతావేంటి?"

"బాలింత ఉందనేనండి."

రత్తమ్మ కూతురు చిన్నమ్మాయికి మగపిల్లాడు పుట్టి నాలుగు రోజులు. నులకమంచం కింద కుంపటి రాత్రీ పగలూ రగులుతోంది. కుంపట్లో సాంబ్రాణి, పైన పరిచిన గోనె, ఆ పైన తల్లీ పిల్లాడూ. గాలి సోకితే బాలింతకు చలిజ్వరం వస్తుందని చూరు కింద సందుల్లో గుడ్డపేలికలు కుక్కారు, కిటికీకి చాప కట్టారు. ఐదిళ్ళలో పొయ్యి పొయ్యికీ వంక పెట్టే మహాలక్ష్మమ్మ ఈ కుంపటి దగ్గర మాత్రం నోరెత్తలేకపోయింది. బాలింతకు కుంపటి వద్దనగల మొనగాడు గోదావరి జిల్లాలో ఇంకా పుట్టలేదు. పోనీ వేరే చోటికి మారుద్దామంటే పదిరోజులు పురిటి మైల. మైలలో ఉన్న తల్లీపిల్లల్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. మహాలక్ష్మమ్మా రానివ్వదు.

"రేపు భోగండి" అంది రత్తమ్మ. మైలమనిషి కాబట్టి నాలుగడుగుల దూరంలోనే ఆగింది. "కాలవ అవతలే వేస్తారు, కాదనను. మరి గాలి కూడా అవతలే ఉంటుందాండి? లోపల కుంపటి, పైన తాటాకు, ఉన్నది ఒకటే గుమ్మం. దానికి లేవడానికే ఓపిక లేదు. ఈ గోడ కొట్టించెయ్యండి. తలుపక్కర్లేదు. తడిక కట్టుకుంటాం."

"ఇంకేదన్నా అడుగు రత్తమ్మా. అది మాత్రం అడక్కు."

"ఏంటండి?"

"తెలియనట్టు అడుగుతావేం? అది ఆ దారినే వస్తుంది. వీరవేణి. అందుకే మూయించాను. ఊరందరికీ తెలుసు."

రత్తమ్మ గోడవైపు చూసింది. "వస్తే రానివ్వండి. దారి మూసేస్తే పాపం అదెలా పోతుందండి?"

మహాలక్ష్మమ్మ మాట మార్చింది. పండగ వెళ్ళనీమంది. గోడ కూలిస్తే ఇంటికి అరిష్టమంది. పురుడు వెళ్ళాక పదకొండో రోజున తల్లినీ పిల్లాడినీ తన పెంకుటింట్లోనే పడుకోబెట్టుకుంటానంది. కావాలంటే మూడో ఇంటి ముందు రెండు కాగుల నీళ్ళు తానే పెట్టిస్తానంది. రత్తమ్మ అన్నిటికీ "ఆయ్" అంది గానీ కదల్లేదు.

ఇంతలో గోడ అవతలినుంచి చిన్నమ్మాయి గొంతు వినిపించింది. మట్టిగోడే గనక మాట స్పష్టంగానే వచ్చింది. "అమ్మా! వీధిగుమ్మంలో ఎవరో నిలబడ్డారే!"

"పండగ బియ్యానికి వచ్చుంటారు. అరుగు మీద కూచోమను, వస్తన్నా" అని ఇటునుంచే కేకేసి, రత్తమ్మ మళ్ళీ మహాలక్ష్మమ్మ వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గించింది.

"పొద్దున్న పేడకని మీ పసువుల సావిట్లోకి వెళ్ళేనండి. గడ్డిమోపుల వెనకాల తలుపు చూసేను."

మహాలక్ష్మమ్మ వెనక్కి తిరిగి సావిడి గుమ్మంవైపు చూసింది.

ఆ తలుపును ఆవిడ ఏం చెయ్యాలో తెలియక దాచింది. పోయినేడు భోగిమంటలో వేసేద్దామని సావిడి గుమ్మందాకా ఈడ్చుకొచ్చింది. మంటలో పడ్డాక అది లోపలినుంచి తడుతుందేమోనన్న ఊహ వచ్చి, చేతులు ఆడక, మళ్ళీ మోపుల వెనక్కి తోసేసింది. కాలవలో పారేద్దామంటే తేలుతుంది. పాతిపెడదామంటే పాలేళ్ళు అడుగుతారు. అలా రెండేళ్ళుగా అది సావిట్లోనే ఉంది. ఆవు ఈనినా, పాలు పితికినా, ఆవిడ ఆ మూలకు వీపు పెట్టే కూర్చుంటుంది.

"లోపలి పక్కంతా మాడి బొగ్గయిపోయిందండి" అంది రత్తమ్మ. "గడియ మాత్రం వెనక్కి లాగి ఉంది. లాగిన చోటే కాలి చెక్కకి అతుక్కుపోయింది. నేను రెండు చేతులా లాగి చూసేను, కదల్లేదండి. గడియ వేసుకున్న తలుపు అలా కాలదు గదండి. బయటి పక్క చూస్తే గొళ్ళెం వంకర తిరిగిపోయింది. లోపల్నించి ఎవరో బలంకొద్దీ నెడితే వంగినట్టుందండి." వరసలో మిగతా ఇళ్ళవైపు చూసింది. "మిగతా నాలుగిళ్ళకీ మీరు బయటి గొళ్ళేలు పీకించేసేరు. ఎందుకా అనుకునేదాన్ని."

చలిగాలి ఒకసారి దొడ్డంతా తిరిగింది. గడ్డిమేటు మీద పరకలు లేచి పడ్డాయి. మహాలక్ష్మమ్మ చూపు అప్రయత్నంగా మేటువైపు పోయింది. పోయిన చూపును పట్టుకుని వెనక్కి లాక్కుంది. అదే చూపు, అదే గాలి. రెండేళ్ళుగా ఏ రోజూ ఈ చూపు నుంచి ఆవిడ తప్పించుకోలేదు.

ఇప్పుడు ఆవిడ అబద్ధం చెప్పవచ్చు. కావలసినన్ని ఉన్నాయి. ఈ ముసలిదాని మాట ఎవరూ నమ్మరు కూడా. కానీ ఆ క్షణంలో గోడ అవతల పసివాడు కెవ్వుమన్నాడు. నాలుగు రోజుల పిల్లాడి ఏడుపు, గుక్కపట్టి, ఆగి, మళ్ళీ మొదలై. ఆ ఏడుపు మధ్యలో ఆగినంతసేపూ మహాలక్ష్మమ్మ ఊపిరి బిగబట్టింది.

"తాళం నేనే వేశాను" అంది.

అన్నాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది. ఇంత చిన్న మాటా అది?

"మూడుసార్లు చెప్పాను రత్తమ్మా. బూడిద తడిపి పారబొయ్యవే అని. వినేది కాదు. కుంపట్లో నిప్పులు అలాగే తెచ్చి మేటు పక్కన గుమ్మరించేది. రెండుసార్లు గడ్డి అంటుకుంది. నా అదృష్టం బాగుండి ఆర్పాను. భోగికి ముందురోజు ఇలాగే, పొద్దు వాలుతుంటే, ఇంక దీనికి చెప్పి లాభం లేదని బయటినుంచి తాళం వేసేశాను. పండగ వెళ్ళాక తీద్దామనుకున్నాను. ఇల్లు కాలకూడదనే వేశాను. నిప్పుకు భయపడే వేశాను."

"తెల్లారి?"

"నేను వచ్చేసరికి తడుతోంది."

"తాళంచెవి ఇంట్లో ఉండిపోయిందాండి?" రత్తమ్మ గొంతులో ఆశ ఉంది. మనిషిని మరీ చెడ్డగా అనుకోవడం ఇష్టంలేని వాళ్ళు అలా అడుగుతారు.

మహాలక్ష్మమ్మ తల అడ్డంగా ఊపింది. బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తిని పైకి తీసి చూపించింది. ఏ ఇంటికీ పనికిరాని ఒక చిన్న చెవి అందులో ఇప్పటికీ ఉంది. "నా దగ్గరే ఉంది. గాలి ఇటు వీస్తోంది. తలుపు తీస్తే మంట బయటికొచ్చి మేటు అంటుకుంటుందనుకున్నాను. ఏడాది గడ్డి. పసువులకు అదే ఆధారం. ముందు మేటు తడపండ్రా అని పాలేళ్ళను కేకేశాను. వాళ్ళు మేటుకి అవతల పక్క నించి పోస్తున్నారు. రెండు కావిళ్ళు పొయ్యగానే తీద్దామనుకున్నాను."

"తడుతూనే ఉందాండి?"

"మొదటి కావిడికి తడుతూ ఉంది."

రత్తమ్మ అడక్కపోయినా మహాలక్ష్మమ్మ ఆగలేకపోయింది.

"రెండో కావిడికి ఆగిపోయింది. మంట చల్లారాక, అందరూ వీధివైపు ఉండగా, తాళం తీసి కొంగులో దాచుకున్నాను. గడియ వేసుకుందని నేనే అన్నాను. ఎంత లాగినా రాలేదన్నాను. నేను చెయ్యి కూడా వెయ్యలేదే రత్తమ్మా ఆ తలుపు మీద. ఒక్కసారైనా లాగలేదు."

ఆవిడ ఏడవలేదు. కొండంత బరువు దిగుతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ఏమీ దిగలేదు. బరువు అలాగే ఉంది, ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళు ఇంకొకరున్నారు, అంతే.

రత్తమ్మ తిడుతుందనీ, మన్నెత్తి పోస్తుందనీ, కేకలేసి వీధి వీధిని పిలుస్తుందనీ మహాలక్ష్మమ్మ ఎదురుచూసింది. అలా చేసినా బాగుండేది. రత్తమ్మ పచ్చడిబండను నేలమీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇదంతా నాకెందుకు చెప్పేరండి? నేను గుమ్మమే అడిగేను. మిమ్మల్ని శపించడానికి నాకు తీరిక లేదండి. లోపల కుంపటుంది."

గోడ కూలితే రేపు భోగిమంట దగ్గర అందరూ ఇదే మాట్లాడుకుంటారు. రెండేళ్ళు మూసిన గుమ్మం పండగ పూట ఎందుకు తెరిచారని అడుగుతారు. దయ్యం ఏమైందంటారు. ఒకరు సావిట్లోకి తొంగిచూస్తారు. ఎదురుపడితే చెప్పులు చేతబట్టుకునే జనం రేపటినుంచి మొహం తిప్పుకుంటారు. ఇదంతా మహాలక్ష్మమ్మకు క్షణంలో కళ్ళకు కట్టింది. కట్టినా ఆవిడ సావిడివైపు నడిచింది. గునపం తీసుకుని వచ్చింది. పాలేరును పిలవలేదు.

"మీరేంటండి, మైల..." అంది రత్తమ్మ.

"ఉండనీ."

యాభై దాటిన చేతులు. మొదటి పోటుకు గునపం జారి పక్కకు పోయింది. రెండో పోటుకు సున్నం పెచ్చులు రాలాయి. మూడో పోటు గుల్ల పలికిన చోట సూటిగా దిగింది. ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి ఆవిడ కాళ్ళ మీద పడుతోంది. సాంబ్రాణి వాసన సన్నగా బయటికి వచ్చింది. రత్తమ్మ కూడా వంగి రెండు చేతులతో మట్టి లాగుతోంది. మహాలక్ష్మమ్మకు ఊపిరి అందడంలేదు. అయినా ఈ రెండేళ్ళలో మొదటిసారి ఆ గోడ ముందు నిలబడి భయపడకుండా ఉంది.

ఇంకొక్క పోటు చాలు. గునపం ఎత్తింది.

లోపలినుంచి తట్టారు. మూడుసార్లు.

గునపం గాల్లోనే ఆగిపోయింది. మహాలక్ష్మమ్మ నెమ్మదిగా తల తిప్పి రత్తమ్మను చూసింది. రత్తమ్మ పక్కనే ఉంది, మోచేతులదాకా మట్టితో. పచ్చడిబండ నేలమీద, పెట్టినచోటే ఉంది.

"చిన్నమ్మాయేనా?" అంది మహాలక్ష్మమ్మ.

"అది మంచం దిగదండి" అంది రత్తమ్మ.

మళ్ళీ తట్టారు. మూడుసార్లు తట్టి, ఆగారు. ఆవేళ తట్టినట్టే. మహాలక్ష్మమ్మకు పారిపోవాలనిపించింది. గడ్డిమేటు కుడిచేతి వైపు ఉంది. ఈసారి దానివైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి గునపం దింపింది. పెద్ద పెళ్ళ ఒకటి లోపలికి విరిగిపడింది. పొగ గుప్పున మొహానికి కొట్టింది.

కళ్ళు తెరిచేసరికి, కంతలోంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చి మట్టి అంచును పట్టుకుని ఉన్నాయి. వలతాళ్ళు కోసి కాయలు కాసిన వేళ్ళు. ఆ వేళ్ళు ఒక పెళ్ళను ఊడదీసి పక్కన పెట్టాయి. మరొకటి ఊడదీశాయి. కంత పెద్దదయింది. అవతల, కుంపటి ఎర్రటి వెలుగులో, రెండేళ్ళకే జుట్టు నెరిసిపోయిన మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పెళ్ళాం పోయిన చోట పెట్టుకుందామని తెచ్చుకున్న మట్టి ప్రమిద, ఇంకా వెలిగించనిది, రెండో చేతిలో ఉంది.

ఇందాక వీధిగుమ్మంలో నిలబడ్డ బుల్లియ్య ఆవిడవైపు చూశాడు. కేకలెయ్యలేదు. పోయినేడు అడిగినంత నెమ్మదిగానే అడిగాడు.

"అయితే అమ్మగారూ... మా వీరవేణి గడియ వేసుకోలేదాండీ?"